కడ్డీ పన్ను

చిలకలూరిపేటలో పంటి డాక్టరంటే పన్ను పీకేవాడనే ఒక్క అర్థమే ఉన్న రోజుల్లో జయరావు ఆ ఊళ్ళో బోర్డు కట్టాడు. పురుగుమందుల కొట్టు మీద రెండు గదులు, పేరు కింద నీలం అక్షరాలతో ‘ఇచ్చట పళ్ళు నిలబెట్టబడును’. ఊరు ఊరంతా నవ్వింది. పీకడం తెలుసు, కట్టుడు పళ్ళు తెలుసు, ఈ నిలబెట్టడమేంటి, పళ్ళేమన్నా ఎమ్మెల్యేకి పోటీ చేస్తున్నాయా అని బస్టాండులో టీ తాగేవాళ్ళు పడీపడీ నవ్వారు. అది 1991. ఆ నవ్విన వాళ్ళలో సగం మంది తర్వాతి పదేళ్ళలో దవడ పట్టుకుని ఆ మెట్లెక్కారు, అది వేరే సంగతి.

ఇప్పుడు జయరావుకి అరవై ఎనిమిది. వేళ్ళు కాస్త వణుకుతున్నాయి. కరోనా ఏడాది ఆసుపత్రికి వేసిన తాళం మళ్ళీ తియ్యలేదు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం హైవే దాకా నడక. దారిలో ఎవరైనా నమస్కారం పెట్టి నవ్వితే ఆయన మొహం కంటే ముందు పళ్ళు చూస్తాడు. పేరు మర్చిపోతాడు గానీ పన్ను మర్చిపోడు. మంచి పనిమంతుడు, ఎవరైనా ఒప్పుకుంటారు. మాట దగ్గర మాత్రం పిరికివాడు. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలుసు.

ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున, ఊరి చుట్టూ కళ్ళాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటు వీధుల్లోకి కూడా వస్తున్న వేళ, మొహిద్దీన్ బాషా గడ్డానికి తువ్వాలు కట్టుకుని ఆయన వరండాలోకి వచ్చాడు. బాషా నాదస్వర విద్వాంసుడు. యాభై ఎనిమిదేళ్ళు. పేట రామాలయంలో శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణానికి నలభై ఏళ్ళుగా ఆయనే వాయిస్తాడు. మంగళసూత్రం ముడి పడే క్షణంలో ఆయన గట్టిమేళం అందుకుంటే, పందిట్లో కబుర్లు చెప్పుకునే ఆడవాళ్ళు కూడా మాట ఆపి చేతులు జోడిస్తారు.

“కడ్డీ పన్ను సలుపుతోందండీ, డాక్టరు గారూ” అన్నాడు బాషా, తువ్వాలు విప్పి.

కింది వరసలో ముందు పన్ను. దాని కింద చిగురు మీద పెసరగింజంత పొక్కు. జయరావు లోపలికెళ్ళి టార్చిలైటూ స్టీలు చెంచా తెచ్చి, చెంచా కాడతో పళ్ళ మీద ఒక్కొక్కటిగా తట్టాడు. పన్ను మోత వింటే లోపలి సంగతి చాలా వరకు తెలుస్తుంది ఆయనకి. అన్నీ టంగుమన్నాయి. ఆ ఒక్కటి మొద్దుగా పలికింది, బాషా కుర్చీలో ఎగిరిపడ్డాడు.

“అపశ్రుతి పలికింది కదండీ” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “గుంటూరులో చూపించాను. తీసేసి స్క్రూ పన్ను బిగిస్తామన్నారు. ఎముక పట్టుకోవడానికి నాలుగు నెలలంట. నవమి ఇంకా తొమ్మిది రోజులు. నాలుగు నెలలు ఊదకుండా కూర్చుంటే ఈ వయసులో నాకు మళ్ళీ పట్టు వస్తుందా? మీరు వేసిన కడ్డీ లోపల ఉండగా వేరేవాళ్ళ చేతిలో నోరెందుకు పెట్టాలని లేచి వచ్చేశా.”

జయరావు గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఆ పంటిలో కడ్డీ లేదు.

నాదస్వరం కొసన రెల్లుతో చేసిన చిన్న ముక్క ఉంటుంది. పీక అంటారు. ఊదేవాడు కింది పెదవిని పళ్ళ మీద ఆనించి ఆ పీకని పట్టుకోవాలి. ఎంత ఊపిరి ఉన్నా ఆ ఆనిక లేకపోతే స్వరం నిలవదు. పాతికేళ్ళ వయసులో, ఏదో పెళ్ళికి వెళ్తుంటే బస్సు సడెన్‌గా ఆగి బాషా మూతి ముందు సీటుకి గుద్దుకుంది. పన్ను ఊడలేదు గానీ నెల తిరిగేసరికి నల్లబడి చీము పట్టింది. పీకేయమన్నారు అందరూ. అప్పుడే బోర్డు కట్టిన జయరావు దగ్గరికి వచ్చి బాషా దణ్ణం పెట్టాడు.

“ఈ పన్ను మీదే నా పీక ఆనేదండీ. దీన్ని పీకారంటే నా పీక నొక్కినట్టే” అన్నాడు.

ఏడు గురువారాలు పట్టింది. ఇప్పటి పిల్లలకి చెబితే కట్టుకథ అనుకుంటారు. పంటి లోపల వెంట్రుకంత సన్నటి దారి ఉంటుంది. అందులోని నరం చచ్చి కుళ్ళితే ఆ కుళ్ళంతా తోడి, దారి శుభ్రం చేసి, మళ్ళీ ఏమీ చొరబడకుండా మూసెయ్యాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఉక్కు సూదులు, పది నంబరుతో మొదలై ఒక్కో నంబరుకీ పిసరంత లావెక్కేవి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ముందుకి పావు తిప్పు, వెనక్కి పావు తిప్పు. దారి ఎక్కడ ముగుస్తుందో చెప్పే యంత్రం లేదు. పంటి కొసకి చేరేసరికి దారి ఇరుకై సూది మెత్తగా ఆగుతుంది, ఆ మెత్తదనం వేలికే తెలియాలి. ఎక్స్‌రే తీస్తే ఆ ఫిల్మును నల్లపెట్టెలో చేతులు దూర్చి కళ్ళతో చూడకుండా కడగాలి, ఆరాక కిటికీకి ఎత్తి చూసుకోవాలి. ప్రతి వారం ఘాటు మందులో ముంచిన దూది లోపల పెట్టి మూసి, వచ్చే గురువారం రమ్మనాలి. గదంతా లవంగ నూనె వాసన. ఆ వాసన జయరావు చొక్కాలకి పట్టేసి, ఇంటికెళ్తే ఆయన భార్య సుబ్బరావమ్మ పలావు వండలేకపోయేది, ఆ లవంగాల వాసనకి తినబుద్ధి కాక.

నాలుగో గురువారం సూది విరిగింది.

ఎవరికీ వినపడలేదు. జయరావు వేలికి మాత్రం టిక్కుమని తెలిసింది. బయటికి తీసి చూస్తే మూడు మిల్లీమీటర్లు తక్కువ. ఆ ముక్క కింద, పంటి కొస దగ్గర ఇరుక్కుపోయింది. దాన్ని తియ్యడానికి ఆ రోజుల్లో పేటలోనే కాదు, పెద్ద పెద్ద ఊళ్ళలో కూడా దారి లేదు. ఫిల్ము కడిగి కిటికీకి ఎత్తితే నల్లటి నీడలో తెల్లటి గీత నిక్కచ్చిగా నిలబడి ఉంది. వెనక నుంచి బాషా మెడ చాచి చూశాడు.

“ఆ తెల్లగా ఉందేంటండీ?”

నోరు తెరిచి నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. జయరావుకి ఆ క్షణంలో బస్టాండులో నవ్విన మొహాలన్నీ కనపడ్డాయి.

“అది కడ్డీ, బాషా. పన్ను బలానికి వేశాను” అన్నాడు.

ఆ కాలంలో వెండి కడ్డీతో దారి మూసే పద్ధతి ఒకటి నిజంగానే ఉండేది. అందుకే అబద్ధం అంత నున్నగా జారింది. తర్వాతి మూడు గురువారాలూ ఆయన ప్రాణం అరచేతిలో పెట్టుకుని, ఆ ముక్క పైదాకా అణువు వదలకుండా తోడి, గులాబీ రంగు జిగురు పుల్లలు స్పిరిట్ దీపం మీద వేడిచేసి బిగించి మూశాడు. దేవుడి దయో, చేతి చలవో, పన్ను నిలబడింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ ఏడాది పెళ్ళిళ్ళ కాలంలో బాషా వాయించిన ప్రతి పందిట్లోనూ తన కింది పంటిలో కడ్డీ ఉందని గర్వంగా చెప్పుకున్నాడు. ఏళ్ళు గడిచేకొద్దీ సాధన పండి స్వరం గట్టిపడింది, దానికి కడ్డీయే కారణమనుకున్నారు మేళగాళ్ళు. ఇంకేముంది, ఒంగోలు నుంచి ఒకరు, సత్తెనపల్లి నుంచి ఒకరు, రాయిలాంటి పళ్ళేసుకుని వచ్చి మాకూ ఓ కడ్డీ వెయ్యండని కూర్చునేవారు. అద్దంకి నుంచి డోలు వాయించేవాడు కూడా వచ్చాడు. డోలుకి పంటితో పనేంటయ్యా అంటే, ఉంటే మంచిదే కదండీ అన్నాడు. అందరికీ జయరావు ఒకటే జవాబు చెప్పి పంపించాడు, నీకు అవసరం లేదు పో అని. ఎందుకు లేదో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మాత్రం ఆ డోలు మనిషి కథ చెప్పి కడుపుబ్బ నవ్వేవాడు. రాత్రి పడుకున్నాక ఆ నవ్వు ఉండేది కాదు.

ఇన్నేళ్ళకి ఆ ముక్కే తిరగబడిందని, తన తప్పే బాషా పన్నుకి ఎసరు పెట్టిందని ఇప్పుడాయనకి నమ్మకం కుదిరిపోయింది. ఈ వణికే వేళ్ళతో చేయగలిగింది లేదు. చేయగలిగిన మనిషి పేటలో ఒక్కతే ఉంది.

“పద, శ్రీరమ్య దగ్గరికెళ్దాం” అన్నాడు చెప్పులేసుకుంటూ.

శ్రీరమ్య మిర్చి రైతు యలమంద కూతురు. ఆరేళ్ళప్పుడు జయరావు కుర్చీలోనే కూర్చుని ఆయన వేలు కొరికిన పిల్ల. పళ్ళ వేర్ల వైద్యంలో పెద్ద చదువు చదివి మూడేళ్ళ కిందట హైవే పక్కన ఆసుపత్రి పెట్టింది. ప్రారంభానికి పిలిస్తే జయరావు వంట్లో బాలేదని వెళ్ళలేదు. వంట్లో బాగానే ఉంది, మనసులోనే బాలేదు. యంత్రాలు పెరిగితే వేళ్ళు మొద్దుబారతాయని ఆయన సిద్ధాంతం. ఇవాళ ఆటో దిగి, సిద్ధాంతం గుమ్మం బయటే వదిలేసి లోపలికి నడిచాడు.

“సార్! మీరా!” అని శ్రీరమ్య ఎదురొచ్చి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. సంగతి వింది. బాషాని కుర్చీలో కూర్చోబెట్టి, బిస్కెట్టు ముక్కంత పలక ఒకటి పంటి వెనక పెట్టింది. కదలకు బాషా, అని జయరావు అనబోయేలోపు బొమ్మ తెర మీదికి వచ్చేసింది. నల్లపెట్టె లేదు, కడగడం లేదు, కిటికీ లేదు. జానెడు పన్ను, దాని అడుగున తెల్లటి గీత. ముప్పై మూడేళ్ళ తర్వాత కూడా అంతే నిక్కచ్చిగా ఉంది. శ్రీరమ్య తెరని చూసింది. జయరావు నేలని చూశాడు.

“స్కాన్ కూడా తీద్దాం సార్” అంది ఆమె మామూలుగా.

పక్క గదిలో ఒక యంత్రం చెయ్యి బాషా తల చుట్టూ తిరిగింది. ఇరవై సెకన్లు. ఆ తర్వాత ఆయన్ని మళ్ళీ కుర్చీకి పంపి, శ్రీరమ్య కంప్యూటర్లో ఆ పన్నుని అటూ ఇటూ తిప్పింది, నిలువునా కోసింది, అడ్డంగా కోసింది, కూరగాయ తరిగినట్టు పొరలు పొరలుగా చూపించింది. జయరావు ఊపిరి తియ్యడం మర్చిపోయి చూస్తున్నాడు. జీవితమంతా తడిమి ఊహించిన చోటు అది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఇలా చూసి ఉంటే ఎంత బాగుండేదో!

“ఇక్కడ చూడండి సార్. మీరు మూసిన దారి వెనక ఇంకో దారి ఉంది. కింది ముందు పళ్ళలో పదింట మూడు నాలుగింటికి రెండు దారులుంటాయి. ఫిల్ము మీద ముందుది వెనకదాన్ని కప్పేస్తుంది, అందుకే కనపడదు. చీము అంతా ఆ వెనక దారి కొస దగ్గరే ఉంది. మీ దారి చుట్టూ ఎముక ఎంత శుభ్రంగా ఉందో చూడండి.”

“అంటే ఆ ముక్క వల్ల కాదా?”

“దాని వల్ల కానే కాదు సార్. దాన్ని ముట్టుకోనక్కర్లేదు కూడా.”

జయరావుకి ముందు సంతోషం వచ్చింది, మరుక్షణం ఆ సంతోషానికి సిగ్గేసింది. శ్రీరమ్య తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

“అది విరిగిన సూది ముక్క కదా సార్. బాషా గారికి తెలుసా?”

జయరావు తల అడ్డంగా ఊపాడు.

“మొదలుపెట్టే ముందు లోపల ఏముందో ఆయనకి చెప్పి, కాగితం మీద సంతకం తీసుకోవాలి సార్. ఇప్పుడదే పద్ధతి. నేను చెప్పమంటారా, మీరు చెప్తారా?”

సూదులు మారాయని, వెలుగులు మారాయని జయరావుకి తెలుసు. ఇది కూడా మారిందని ఆయన అనుకోలేదు. ఆయన చదువుకున్న రోజుల్లో రోగికి చెప్పడమనేది వైద్యంలో భాగమే కాదు. చెబితే భయపడతారు అనేవారు పెద్ద డాక్టర్లు. అసలు భయపడింది ఎవరో ఈ పిల్ల ముందు నిలబడ్డాక ఆయనకి బాగా అర్థమైంది. ఆమె తరం మీద గౌరవం పుట్టింది.

“నేనే చెప్తానమ్మా.”

బాషా కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. జయరావు పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన మోకాలు మీద చెయ్యి వేశాడు.

“బాషా, నీ పంటిలో కడ్డీ లేదు. సూది ముక్క ఉంది. ఆ వేళ నా చేతిలో విరిగింది. భయపడి కడ్డీ అని చెప్పాను.”

బాషా చాలాసేపు తెర మీది గీతనే చూశాడు.

“విరిగితే విరిగింది లెండి” అన్నాడు చివరికి. “మా పీకలు ఎన్ని పాడైపోవు. పన్నయితే నిలబెట్టారుగా. మరి బుడేని ఎందుకు పొమ్మన్నారు?”

“ఏ బుడే?”

“మా తమ్ముడండీ.” బాషా గొంతు పైకి లేచింది. “నేనూ వాడూ జోడీ. ఇరవై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని వాయించాం. రెండువేల అయిదులో వాడు మీ దగ్గరికొచ్చి నాకూ కడ్డీ వెయ్యండని అడిగాడు. నీకు అవసరం లేదు పో అన్నారంట. ఎందుకో చెప్పలేదంట. వాడు సరాసరి ఇంటికొచ్చి, అన్నా, నాకు కడ్డీ పడితే నీ కంటే బాగా వాయిస్తానని డాక్టరుకి నువ్వే చెప్పి ఆపించావు కదా అన్నాడు. నేను ఖురాను మీద ప్రమాణం చేశానండీ. వినలేదు. పిడుగురాళ్ల వెళ్ళిపోయి అల్లుడితో కలిసి వాయించుకుంటున్నాడు. పంతొమ్మిదేళ్ళు. మా అమ్మ పోతే వచ్చి మట్టి వేసి, నా వైపు చూడకుండా పోయాడు.”

ఆ అన్నదమ్ములు విడిపోయారని జయరావుకి తెలుసు. పొలం గొడవని ఊళ్ళో అనుకున్నారు, ఆయనా అదే అనుకున్నాడు. బుడే వచ్చిన రోజు కూడా ఆయనకి గుర్తులేదు. తిప్పి పంపిన ఇరవై మందిలో ఒకడు. సూది ముక్క ఎముకకి ఏ హానీ చెయ్యలేదు. హాని చేసింది ఆయన నోట్లోంచి వచ్చిన ఒక్క ముక్క.

“బాషా...” అన్నాడు.

“సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?” అని బాషా శ్రీరమ్య వైపు తిరిగాడు. పెట్టి, వెనక్కి వాలి, నోరు తెరిచాడు.

మత్తు ఇచ్చాక శ్రీరమ్య ఆ పన్నొక్కటే పైకి కనపడేలా నోటికి ఆకుపచ్చ రబ్బరు తెర బిగించింది. పైకప్పు నుంచి వేలాడే మైక్రోస్కోపు దించి కళ్ళు ఆనించింది. ఆమె చూసేదంతా గోడ మీది తెరలో కనపడుతోంది. ఇరవై రెట్లు పెద్దదిగా జయరావు తను మూసిన దారి నోటిని చూశాడు. గులాబీ రంగు ఇంకా వెలవలేదు.

“అంచు ఎక్కడా విడలేదు సార్. వేలితో చూసి, దీపం మీద కాచి ఇంత బిగువుగా ఎలా చేశారు? మా క్లాసులో చూపిస్తే ఎవరూ నమ్మరు” అంది శ్రీరమ్య, కళ్ళు తియ్యకుండానే.

వేరే రోజయితే ఆ మాటకి జయరావు పది రోజులు ఊళ్ళో ఛాతీ విరుచుకుని తిరిగేవాడు. ఇవాళ తల వంచుకున్నాడు, కానీ కళ్ళు తెర మీంచి తిప్పుకోలేకపోయాడు.

ఆమె సన్నటి మొనతో, కంటికి కనపడనంత వేగంగా అదిరే మొనతో, పత్తిగింజ మీది నూగు తీసినంత నెమ్మదిగా పంటి గోడని గీకుతోంది. తెల్లటి పొడి లేస్తోంది, నీటిబొట్టుతో కడుగుతోంది, మళ్ళీ గీకుతోంది. పది నిమిషాలు. పావుగంట. ఉన్నట్టుండి తెల్లటి గోడ మీద ఆవగింజలో పదో వంతు నల్లటి చుక్క.

“దొరికింది సార్.”

“దొరికిందమ్మా!” అన్నాడు జయరావు, అది ఆసుపత్రి అని మర్చిపోయి కేక పెట్టి. ముప్పై మూడేళ్ళు ఆయన వేలి పక్కనే ఉండి ఆయనకి తెలియని దారి. ఒళ్ళు పులకరించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

శ్రీరమ్య ఒక సూది ఆయన చేతికిచ్చి వంచమంది. వంచాడు. ఉంగరంలా వంగి, వదలగానే మళ్ళీ నిటారుగా లేచింది. ఇలాంటిది ఆ రోజు చేతిలో ఉంటే విరిగేది కాదు అనుకున్నాడు. ఆ సూదిని ఆమె చిన్న మోటారుకి తగిలించింది. పక్కన గుప్పెడంత పెట్టె ఒకటి, సూది కొసకి దగ్గరయ్యేకొద్దీ కూత వేగం పెంచుతోంది. దారి ఎక్కడ ముగుస్తుందో అదే చెబుతుందట. ఏడు గురువారాలు వేలు అడుక్కున్న జవాబు ఆ పెట్టె ఏడు క్షణాల్లో చెప్పేస్తోంది. కానీ జయరావు ఇంకొకటి కూడా గమనించాడు. పెట్టె కూత మారడానికి రవ్వంత ముందే శ్రీరమ్య వేలు ఆగింది. ఆ ఆగడం ఆయనకి తెలుసు. అది ఎవరూ చెబితే వచ్చేది కాదు. వేళ్ళు మొద్దుబారతాయన్న తన సిద్ధాంతాన్ని ఆయన అక్కడికక్కడే మనసులో చింపి పారేశాడు.

మందు నీళ్ళతో కడిగింది, ఆ నీళ్ళని అదిరించి మూలమూలలకీ పంపింది, ఆరబెట్టి మందు పెట్టి మూసింది. గంటా పది నిమిషాలు.

“వారం ఆగి, చీము తగ్గిందో లేదో చూసి పూర్తిగా మూసేస్తాను. నవమికి రెండు రోజుల ముందే అయిపోతుంది. ఈ వారం మాత్రం ఊదకండి” అంది తెర విప్పుతూ.

బాషా లేచి కూర్చుని, మొద్దుబారిన పెదవిని తడుముకున్నాడు. జయరావు వైపు చూడలేదు. కాసేపటికి పెట్టె వైపు వేలు చూపించి, “దాని కూత చతిలో లేదమ్మా, చెవులు చిల్లులు పడ్డాయి” అన్నాడు. శ్రుతి అనాలని ఆయన ఉద్దేశం. పెదవి సహకరించలేదు. శ్రీరమ్యకి నవ్వొచ్చి ఆపుకుంది.

అప్పుడు బాషా జయరావు వైపు తిరిగి, “నా ఫోను వాడు ఎత్తడు. మీ దాంట్లోంచి చెయ్యండి” అని నంబరు చెప్పాడు. ఎక్కడా చూసుకోకుండా, పది అంకెలూ తడుముకోకుండా చెప్పాడు.

జయరావు తన ఫోను తీసి శ్రీరమ్యకి ఇచ్చాడు. శ్రీరమ్య అంకెలు నొక్కి, ఫోను అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచింది. నాలుగు మోతల తర్వాత అటు నుంచి లారీ హారను, దాని వెనక ఒక గొంతు.

“ఎవరండీ?”

“పేట నుంచి, పళ్ళ డాక్టరు జయరావుని మాట్లాడుతున్నా, బుడే.”

జయరావు బల్ల మీదికి వంగాడు.

“నువ్వు రెండువేల అయిదులో నా దగ్గరికొచ్చావు. కడ్డీ వెయ్యమన్నావు. నేను పొమ్మన్నాను. మీ అన్న నాకు నీ సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అసలు కడ్డీ అనేదే లేదు బుడే. నా చేతిలో సూది విరిగి ఆయన పంటిలో ఉండిపోయింది. పరువు పోతుందని కడ్డీ అన్నాను. లేనిదాన్ని నీకెలా వేస్తాను? అది చెప్పే ధైర్యం లేక నిన్ను తరిమేశాను. తప్పంతా నాది. మీ అన్నది ఇసుమంత కూడా లేదు.”

లారీ చప్పుడు దూరమైంది. ఫోను పోయిందేమోనని శ్రీరమ్య వంగి చూసింది. పోలేదు.

“పంతొమ్మిదేళ్ళండీ” అన్నాడు బుడే.

“అవును.”

“మా అమ్మ ఆఖరి రోజుల్లో కూడా...” అని ఆగిపోయాడు.

జయరావు క్షమించమని అడగబోయాడు. ఆ మాట అడగడానికి కూడా మొహం చెల్లలేదు. గోడ మీది తెరలో పన్ను బొమ్మ ఇంకా అలాగే ఉంది.

“ఇప్పుడెందుకు చెప్తున్నారండీ ఇదంతా? ఏమైంది?”

“మీ అన్న పన్నుకి చీము పట్టింది. ఇప్పుడే వైద్యం చేశారు. ఇక్కడే, నా పక్కనే ఉన్నాడు.”

బాషా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

“నవమి తొమ్మిది రోజులే కదండీ ఉంది” అన్నాడు బుడే. గొంతు మారింది. “నిలుస్తుందా పన్ను?”

ముప్పై ఏళ్ళ పాటు ఎందరో అడిగిన ప్రశ్న అది. జయరావు ఒక్కసారి కూడా తడుముకోకుండా జవాబు చెప్పిన ప్రశ్న. ఇవాళ అది తను చెప్పవలసింది కాదని ఆయనకి తెలిసింది. ఫోను తీసి బాషా చేతిలో పెట్టాడు.

“నిలుత్తుందిరా” అన్నాడు బాషా, పెదవి కూడక.

“ఏంటీ?”

“నిలుత్తుంది.”

“సరిగ్గా చెప్పన్నా, నాకు వినపడట్లా” అన్నాడు బుడే.

బాషా మొద్దుబారిన పెదవిని రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే, మళ్ళీ చెప్పాడు.